ఇన్వర్టర్ మోసేదెంత, మనం మోపేదెంత?

కరెంట్ పోతుంది. ఫ్యాన్ ఒక్క క్షణం నెమ్మదించి మళ్లీ అందుకుంటుంది. హమ్మయ్య అనుకునేలోపు వంటగదిలో ఎవరో మిక్సీ వేస్తారు. ఇన్వర్టర్ కీచుమని అరుస్తుంది, ఇల్లంతా చీకటి. "దీని పనైపోయింది, మార్చేయాల్సిందే" అని ఇంట్లో తీర్పు వచ్చేస్తుంది. పాపం, ఆ పెట్టె అప్పుడే తన పని సరిగ్గా చేసింది.

అసలు అడగాల్సిన ప్రశ్న వేరు. మిక్సీ పెట్టే సాకెట్ ఇన్వర్టర్ లైన్ మీదకి ఎలా వచ్చింది? వైరింగ్ రోజున ఎవరూ దీని గురించి కూర్చుని మాట్లాడి ఉండరు. పైగా ఈ పొరపాటు మామూలు రోజుల్లో బయటపడదు. మెయిన్స్, అంటే వీధి నుంచి వచ్చే కరెంట్, ఉన్నంతసేపు ఇన్వర్టర్ దాన్నే అటు నుంచి ఇటు దాటిస్తూ ఉంటుంది, పక్కన బ్యాటరీని ఛార్జ్ చేసుకుంటుంది. అందుకే ఆ లైన్ మీద మిక్సీ తిరుగుతుంది, ఇస్త్రీపెట్టె వేడెక్కుతుంది. లోపల కరెంటు దారి మార్చే స్విచ్, అంటే రిలే, నలుగుతున్నా మనకు తెలియదు. కరెంట్ పోయిన క్షణంలో ఆ బరువంతా ఒక్కసారిగా బ్యాటరీ నెత్తిన పడుతుంది.

ఇక సామర్థ్యం లెక్క. పెట్టె మీద 900 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) అని ఉంటే చాలామంది 900 వాట్లని చదువుకుంటారు. వీఏలో నిజంగా వాట్లుగా దక్కే వంతును పవర్ ఫ్యాక్టర్ అంటారు. వీఏని దానితో గుణిస్తేనే వాట్లు వస్తాయి. అది 0.8 అయితే 720 వాట్లు, 0.7 అయితే 630. ఈ అంకె కోసం వెనక స్టిక్కర్ మీదో, మాన్యువల్ చివరి పేజీల్లోనో వెతుక్కోవాలి. వీఏని పెద్దక్షరాల్లో వేయడం అబద్ధమేమీ కాదు. కానీ వాడుకునేవాళ్లకి కావాల్సింది వాట్లు. అదే చిన్నక్షరాల్లో ఉండటం నాకైతే నచ్చదు.

పోనీ 720 వాట్లే అనుకుందాం. 75 వాట్ల ఫ్యాన్లు నాలుగు, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఆరు, టీవీకి ఓ 60, వైఫై రౌటర్‌కు 10. మొత్తం 425 దాకా వచ్చింది. ఇంతవరకు సుఖంగా మోస్తుంది. దీని మీద 500 వాట్ల మిక్సీ పడితే 925. ఇన్వర్టర్ అరిచిందంటే అరవదా మరి? నన్నడిగితే 720కి కూడా వెళ్లకుండా 550 దగ్గరే ఆగడం మేలు. అంచు దాకా నింపిన గ్లాసు కదిపితే ఒలుకుతుంది.

మోటారు ఉన్న ప్రతి వస్తువుకూ ఆ కదుపు ఉంటుంది. ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు 150 వాట్లే తీసుకోవచ్చు. పాత రకం కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో మాత్రం దానికి ఐదారు రెట్లు లాగుతుంది. అది ఎప్పుడు స్టార్టవ్వాలో దాని ఇష్టం. అర్ధరాత్రి ఎవరూ ఏ స్విచ్చూ ముట్టకుండానే ఇన్వర్టర్ ట్రిప్ అయిందంటే ముందు అనుమానించాల్సింది ఫ్రిజ్‌నే. నీళ్ల మోటారు సంగతి చెప్పక్కర్లేదు. ఒక హార్స్‌పవర్ అంటేనే 746 వాట్లు, స్టార్టింగ్ లెక్క అదనం. నున్నటి అలలా కాకుండా మెట్లుమెట్లుగా కరెంట్ ఇచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే మోటార్లకు ఇంకో బాధ. ఫ్యాన్ గుర్రుమంటుంది, కాయిల్ మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. మెయిన్స్ లాంటి నున్నటి అల ఇచ్చే సైన్ వేవ్‌లో ఈ గొడవ లేదు.

ట్రిప్ అవుతోంది కదా అని పెద్ద బ్యాటరీ తెచ్చి పెట్టేవాళ్లను చూశాను. బ్యాటరీ ట్యాంకు, ఇన్వర్టర్ పైపు. ట్యాంకు పెద్దదైతే నీళ్లు ఎక్కువసేపు వస్తాయి. పైపు మారకపోతే ధార అంతే.

ఎక్కువసేపు అన్న మాటలోనూ మెలిక ఉంది. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) లెడ్ యాసిడ్ బ్యాటరీ అంటే 1,800 వాట్-అవర్లు. మన 425 వాట్ల లోడ్‌కు ఇన్వర్టర్ తినేసేది కూడా కలిపితే బ్యాటరీ నుంచి 500 వాట్ల దాకా పోతుంది. కాగితం మీద మూడున్నర గంటలు రావాలి. రెండున్నర గంటలు దక్కితే గొప్ప. ఎందుకంటే ఆ 150 అన్న అంకెను సాధారణంగా 20 గంటల పాటు నింపాదిగా, అంటే 7.5 ఆంపియర్ల చొప్పున వాడితే వచ్చే లెక్కతో ఇస్తారు. మనం లాగుతున్నది 40 ఆంపియర్ల పైనే. ఎంత గట్టిగా లాగితే అంత తక్కువ ఇవ్వడం ఈ రకం బ్యాటరీ స్వభావం. ఇదే తిరగేసి చూస్తే మనకు లాభం: లోడ్ సగం చేస్తే సమయం రెట్టింపుకన్నా ఎక్కువే వస్తుంది. అందుకే రెండో బ్యాటరీ కొనాలా అని అడిగేవాళ్లకు ముందు 30 వాట్ల చుట్టుపక్కల తిరిగే బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాన్లు చూడమంటాను.

భద్రత అనగానే అందరి చూపూ పెట్టె మీదే ఉంటుంది. నా భయమంతా బ్యాటరీ టెర్మినల్ దగ్గర. వోల్టులు 12 మాత్రమే కాబట్టి వాట్ల కోసం ఆంపియర్లు బాగా పెరగాలి. 600 వాట్ల లోడ్‌కు బ్యాటరీ వైరులో 60 ఆంపియర్ల దాకా పారుతుంది. అక్కడ నట్టు కాస్త వదులైందనుకోండి, తెల్లగానో నీలంగానో బూజులాంటి పొడి పేరుకుందనుకోండి. ఆ అతుకులో ఓమ్‌లో నూరో వంతు నిరోధం చాలు, 36 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి అది. గోరంత చోట, గంటల తరబడి, ఎవరూ చూడని మూల. వైరు తొడుగు మెత్తబడటం, రంగు మారడం, కాలిన ప్లాస్టిక్ వాసన, ఇవన్నీ ఇన్వర్టర్ బీప్ కంటే తీవ్రమైన హెచ్చరికలు. శుభ్రం చేసేముందు మెయిన్స్, ఇన్వర్టర్ రెండూ ఆపాలి. చేతికున్న ఉంగరం, గడియారం తీసేయాలి. 12 వోల్టులు షాక్ కొట్టకపోవచ్చు గానీ, రెండు టెర్మినళ్లకూ అడ్డంగా స్పానర్ పడితే అది ఎర్రగా కాలుతుంది.

బ్యాటరీని మూసిన అల్మారాలో దాచేవాళ్లకు ఒక్క మాట. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతం చేరితే ఒక నిప్పురవ్వ చాలు. గాలి ఆడే చోట పెట్టండి, దగ్గర్లో దీపం వద్దు. నీళ్లు పోసేటప్పుడు డిస్టిల్డ్ వాటరే, గీత దాటకుండా.

వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించేవి ఇంటి చిట్కాలు. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని లావుపాటి రాగితీగ చుట్టడం అందులో ఒకటి. ఫ్యూజ్ నోరు నొక్కేస్తే ఇక కాలాల్సింది వైరే. ఇంకోటి, రెండువైపులా ప్లగ్గున్న వైరుతో ఇన్వర్టర్ కరెంటును ఏదో ఒక సాకెట్లోకి ఎక్కించి ఇల్లంతా వెలిగించడం. మెయిన్ స్విచ్ ఆపడం మర్చిపోతే ఆ కరెంట్ వీధిలోకి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ తిరగబడి పనిచేసి దాన్ని వేల వోల్టులుగా మార్చగలదు. లైన్‌లో సప్లై లేదని నమ్మి స్తంభం ఎక్కినవాడి ప్రాణం మీదకి వస్తుంది. ఇంట్లో పనికొచ్చిన ఎలక్ట్రీషియన్‌కూ ఇలాంటి ప్రమాదమే. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైన్‌లో కరెంట్ ఉంటుంది. మెయిన్ బోర్డు మీద "ఇన్వర్టర్ ఉంది" అని ఒక స్టిక్కర్ అంటిస్తే పోయేదేముంది?

కరెంట్ ఉన్న రోజునే, తీరిక చూసుకుని మెయిన్ స్విచ్ ఆపండి. ఇన్వర్టర్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి. ఒక ఫోన్ ఛార్జర్ పట్టుకుని గది గదికీ తిరిగి ప్రతి సాకెట్లో పెట్టి చూడండి. ఎక్కడ ఛార్జింగ్ గుర్తు వస్తే అది ఇన్వర్టర్ లైన్. మేం ఇలా చూసినప్పుడు పడకగదిలో కిటికీ పక్క సాకెట్లో గుర్తు వచ్చింది. ఎనిమిదేళ్లుగా మేం ఇస్త్రీ చేసుకుంటున్నది అక్కడే.