ముహూర్తం ఉంది, పెళ్ళికూతురే లేదు

నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందుల్లోని డి.టి.పి. షాపుల్లో కంప్యూటరుకు చావు లేదు. లోపలి ఫ్యాను పిండిమర లాగా మోగుతుంది, పక్క రేకు ఊడిపోయి తీగలు బయటికి వేలాడుతుంటాయి, కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి ఏ మీట ఎక్కడుందో వేళ్ళకు తప్ప కళ్ళకు తెలియదు; అయినా శుభలేఖలూ, పెద్దకర్మ కార్డులూ, గుడి రసీదు పుస్తకాలూ, ఎన్నికల కరపత్రాలూ ఏళ్ళ తరబడి అందులోంచే పుడుతుంటాయి. మా కాలనీ సంఘం కరపత్రాల కోసం నేను తరచుగా వెళ్ళి కూర్చునే షాపులోనిది కూడా ఆ జాతి యంత్రమే. అందులో విండోస్ 10 ఉండేది. 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్టు మామూలు మద్దతు ముగిసింది. పోనీ విండోస్ 11కు మారదామంటే దానికి టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలట, అది ఈ యంత్రంలో లేదట. "ఆ చిప్పేదో చిన్నబజారులో దొరకదా సార్?" అని యజమాని నన్ను అడిగారు. చిన్నబజారులో దొరకనిది లేదన్న నమ్మకం నెల్లూరువాళ్ళందరికీ ఉంటుంది గానీ, ఈ విషయంలో ఆ నమ్మకం పనిచేయలేదు.

సంక్రాంతి సెలవులకు ఒంగోలు నుంచి ఆయన మేనల్లుడు వచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్న కుర్రవాడు, లాప్‌టాప్ మూత మీద లినక్స్ గుర్తయిన పెంగ్విన్ బొమ్మ అంటించుకుని తిరుగుతుంటాడు. మూఢం నడుస్తున్నందువల్ల పెళ్ళిళ్ళ తాకిడి లేక షాపు ఖాళీగా ఉంది. చేతినిండా తీరికా, చేతిలో పెన్‌డ్రైవూ ఉన్న ఇంజనీరింగు విద్యార్థిని ఆపడం ఎవరి తరం? 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పనికి ఎలా పూనుకున్నదీ, 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్, విండోస్‌కు బదులుగా వాడుకోగల లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను ఎలా రాసి లోకానికి వదిలిపెట్టిందీ మామకు వివరంగా చెప్పాడు. మామ అంతా శ్రద్ధగా విని, "ఉచితమేనా?" అని ఒకే ప్రశ్న వేశారు. "ఇందులో ముఖ్యం ఉచితం కాదు మామా, స్వేచ్ఛ" అన్నాడు అల్లుడు. "సరే, ఆ స్వేచ్ఛకు ఎంత తీసుకుంటారు?" అన్నారు మామ. తరువాత ఆ పెంగ్విన్ బొమ్మను కాసేపు పరీక్షగా చూసి, నేలపట్టుకు ఏటా వచ్చే పక్షుల్లో తాను దీన్ని ఎన్నడూ చూడలేదని నాతో మెల్లగా చెప్పారు.

అల్లుడు తెలివైనవాడు. ముందుగా పాత ఫైళ్ళన్నిటినీ విడిగా ఒక హార్డుడిస్కులోకి ఎక్కించి, ఆ తరువాతే లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04 వేశాడు. ఆ అంకె 2024 ఏప్రిల్‌లో విడుదలైందని చెబుతుందనీ, దానికి అయిదేళ్ళు మద్దతు ఉంటుందనీ కూడా చెప్పాడు. తెప్పించిన టీ చల్లారేలోగా పని పూర్తయింది, కొత్త తెర వచ్చింది, అందరం చూసి బాగుందనుకున్నాం. చిక్కంతా ఆ తరువాతే మొదలైంది. "డి డ్రైవ్ ఏది?" అని అడిగారు మామ. లినక్స్‌లో సి, డి అనే అక్షరాలు ఉండవనీ, ఉన్నదంతా ఒక ఏటవాలు గీతతో మొదలై దాని కిందనే కొమ్మలుగా విడిపోతుందనీ అల్లుడు చెప్పాడు. డి డ్రైవులో "ఫైనల్", "అసలు ఫైనల్", "రెడ్డిగారి ఫైనల్ కొత్తది" అనే పేర్లతో సగం జిల్లా శుభకార్యాలను దాచుకున్న మనిషికి ఈ మాట ఎలా వినిపిస్తుందో ఆ కుర్రవాడు ఆలోచించలేదు.

ఆ సాయంత్రం అల్లుడు సినిమాకు వెళ్తూ, టెర్మినల్ అనే నల్ల కిటికీలో ఒక వాక్యం రాసిపెట్టి, ఎంటర్ నొక్కి పాస్‌వర్డు ఇస్తే ప్రింటరు పనిచేస్తుందని చెప్పి పోయాడు. మామ ఎంటర్ నొక్కారు, అది పాస్‌వర్డు అడిగింది. ఆయన టైపు చేశారు. తెర మీద ఏమీ పడలేదు. అక్షరం లేదు, చుక్క లేదు, నక్షత్రం లేదు. వెనక నిలబడి చూసేవాడికి పాస్‌వర్డు ఎంత పొడుగో కూడా తెలియకూడదని అక్కడ అలా పెట్టారట. ఆ సంగతి అప్పటికి మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు. కీబోర్డు పోయిందని నిర్ధారించుకున్న ఆయన దాన్ని బోర్లించి బల్ల మీద తట్టారు. బిస్కట్టు పొడీ, ఒక గుండుసూదీ, కిందటి ఆయుధపూజ నాటి కుంకుమా రాలాయి. మళ్ళీ నొక్కారు, మళ్ళీ ఏమీ పడలేదు. ప్రతి మీటనూ మేకు కొట్టినట్టు కొట్టి చివరికి ఎంటర్ నొక్కితే, సారీ, మళ్ళీ ప్రయత్నించండి అని ఇంగ్లీషులో వచ్చింది. "పని చేయకపోయినా మర్యాద తెలిసినదే" అన్నారు ఆయన.

న్యాయంగా చెప్పాలంటే లాభం కూడా ఒకటి వెంటనే కనిపించింది. నెల్లూరులో చేతులు మారే పెన్‌డ్రైవుల్లో చాలావాటికి షార్ట్‌కట్ వైరస్ ఉంటుంది. గుచ్చిన మరుక్షణం ఫైళ్ళు మాయమై వాటి స్థానంలో ఉత్త షార్ట్‌కట్లు మిగులుతాయి. విండోస్ కోసం పుట్టిన ఆ వైరస్ ఉబుంటులో నోరు మెదపకుండా పడి ఉండేది, అది దాచిపెట్టిన ఫైళ్ళు బయటికి కనిపించేవి. పక్క షాపులవాళ్ళు తమ పెన్‌డ్రైవులు తెచ్చి ఇక్కడ కడిగించుకోవడం మొదలుపెట్టారు. మామ ఛాతీ కొంచెం విరిచారు.

అప్పుడు కోవూరువారి శుభలేఖ వచ్చింది. పెళ్ళి ఫాల్గుణంలో. కార్డు విండోస్ ఉన్నప్పుడే, అచ్చు పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో తయారై ఉంది, ప్రూఫు పంపడమే తరువాయి. చివరి పెద్ద వెర్షను 2001లో వచ్చిన పేజ్‌మేకర్‌ను ఇప్పటికీ వదలకుండా ఇలాంటి షాపులు అన్నం పెట్టి పోషిస్తున్నాయి. అది లినక్స్‌లో నేరుగా నడవదు గానీ, దాని ఫైళ్ళను లిబ్రేఆఫీసు అనే ఉచిత సాఫ్ట్‌వేరులోని డ్రా తెరవగలదు. తెరిచింది కూడా. పైన వినాయకుడు ఉన్నాడు, చుట్టూ మామిడాకుల అంచు ఉంది, మధ్యలో ఎర్రరంగు వరుసలు ఉన్నాయి. కళ్ళజోడు ఇంట్లో మరిచి వచ్చిన యజమానికి అంతవరకే కనిపించింది. ఆయన దాన్ని పి.డి.ఎఫ్. చేసి వాట్సాప్‌లో కోవూరు పంపించి భోజనానికి వెళ్ళిపోయారు.

కోవూరులో పెళ్ళికూతురి అన్న దాన్ని తెరవకుండానే ఒంగోలు వియ్యాలవారికి పంపాడు. వాళ్ళు తెరిచి, కార్డు ఏ భాషలో వేయించారని వినయంగా అడిగారు. అప్పుడు తెరిస్తే కనిపించినవి నెత్తిన చుక్కలూ టోపీలూ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యమధ్య పౌండు గుర్తులు, విరిగిన బ్రాకెట్లు. ఇంట్లో ఒకరు సంస్కృతమన్నారు, ఒకరు ఫోనుకు వైరస్ వచ్చిందన్నారు. పెద్దాయన దాన్ని కాగితం మీదికి దించుకుని, పెన్నా వంతెన దాటి సరాసరి షాపుకు వచ్చేశారు.

"ఏందబ్బయా ఇది? తేదీ ఉంది, టైము ఉంది, కింద నీ ఫోన్ నంబరు కూడా ఉంది. పెళ్ళికూతురే లేదు" అన్నారు. నిజమే. అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు.

సినిమా మత్తు ఇంకా దిగని అల్లుడు కారణం చెప్పాడు, అది వినదగ్గదే. మన షాపుల్లోని పాత తెలుగు ఫాంట్లలో నిజానికి తెలుగు అక్షరం ఉండదు. శ అని మనం చూసేచోట కంప్యూటరు ఏదో ఒక ఇంగ్లీషు గుర్తునే దాచుకుంటుంది. ఫాంటు ఆ గుర్తు మీద శ బొమ్మను కప్పుతుంది. వీధినాటకంలో సత్యభామ వేషం కట్టిన మీసాలాయన లాంటివన్నమాట ఈ అక్షరాలు. కొత్త ఉబుంటులో ఆ ఫాంటు అనే చీర లేదు, మీసాలు బయటపడ్డాయి. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత స్థానం ఇచ్చే యూనికోడ్ మొదటి వెర్షను కూడా 1991లోనే వచ్చింది. టోర్వాల్డ్స్ కెర్నెలూ, తెలుగుకు యూనికోడూ ఒకే ఏడు లోకంలోకి వచ్చి, ఇన్నేళ్ళ తరువాత ఈ సందులోని షాపులో ఎదురుపడ్డాయి. మధ్యలో నలిగింది కోవూరువారి అమ్మాయి.

పాత ఫాంట్లను తెచ్చి వేయగానే తెలుగు తిరిగి వచ్చింది గానీ వరుసలు అంచు దాటి మామిడాకుల్లోకి చొచ్చుకుపోయాయి. పైగా పెద్దాయన కార్డు చదువుతూ చదువుతూ, పిల్ల మేనమామ పేరు వదిలేశారని కనిపెట్టారు. మేనమామ పేరు లేకుండా కార్డు పంచడం కంటే పెళ్ళి మానుకోవడం సులభమని అక్కడున్న అందరికీ తెలుసు. ఆ పేరు చేర్చాలంటే పాత టైపింగు సాఫ్ట్‌వేరు కావాలి, అది విండోస్‌లోనే నడుస్తుంది. అందుచేత మొత్తం కార్డును యూనికోడ్‌లోకి మార్చేద్దామని అల్లుడు నిర్ణయించి, ఒక కన్వర్టరులో వేశాడు. అక్షరాలు మారాయి, ఒత్తులు మాత్రం ఒకరి సామాను ఒకరు పట్టుకుని బస్సు దిగాయి. "ఆహ్వానించువారు" కాస్తా "ఆహానించ్వువారు" అయింది. "ఎలా పలకాలో మీరే చెప్పండి" అని పెద్దాయన కాగితం నా చేతికిచ్చారు. ప్రయత్నించాను గానీ, దానికి పలుదోము పుల్ల అవసరమయ్యేట్టుంది.

చివరికి ఆయనే ఎర్రకలం అడిగి తీసుకుని స్టూలు మీద కూర్చుని ప్రూఫు దిద్దారు. పూర్వం పంచాయతీలో గుమాస్తాగా చేశారట. ఆ సాయంత్రం షాపులో తెలుగు వచ్చిన యంత్రం ఆయనొక్కరే. యజమాని మేనమామ పేరును ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో కొట్టడానికి కూర్చున్నారు. అచ్చులన్నీ ఎడమవైపూ హల్లులన్నీ కుడివైపూ ఉండే ఆ అమరికలో, పాత అలవాటు ఉన్న ఆయన వేళ్ళు ఒక్కొక్క అక్షరం కోసం ఊరంతా తిరిగి వచ్చాయి.

ఇక ఫాంటు ఎంచుకోవాలి. యూనికోడ్‌లో ఎవరైనా ఉచితంగా వాడుకోదగ్గ తెలుగు ఫాంట్లలో కొన్నిటికి కవుల పేర్లు పెట్టి ఉన్నాయి. అల్లుడు జాబితా చదివాడు: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ. ధూర్జటి వైరాగ్యపు కవి కాబట్టి పెళ్ళికి పనికిరాడని పెద్దాయన ముందే కొట్టేశారు. తెనాలి రామకృష్ణుడి చేతిలో పెళ్ళికార్డు పెట్టడం క్షేమం కాదన్నారు. తరువాత ఆయన ముఖం కొద్దిగా ఎర్రబడింది.

"మన తిక్కన ఏడీ? ఈ పెన్న ఒడ్డున కూర్చుని రాసినాయన, ఆయన లేడా?"

అల్లుడు జాబితాను పైకీ కిందికీ జరిపి చూశాడు. అతని దగ్గరున్న దాంట్లో తిక్కన లేడు. "తిమ్మన ఉన్నాడు కదా తాతా, ఒక్క అక్షరమే తేడా" అన్నాడు. ఒక్క అక్షరం కాదు, అన్ని అక్షరాలూ తేడా పడితే ఏమవుతుందో మధ్యాహ్నమే చూశాం కాబట్టి పెద్దాయన ఎక్కువ వాదించలేదు. నాలుగు వందల కార్డులు తిమ్మనలోనే అచ్చయ్యాయి. కానీ కొత్త ప్రూఫు పంపుతూ వియ్యంకుడికి ఫోనులో మాత్రం, ఇది తిక్కన అక్షరాల్లో వేయించామని గర్వంగా చెప్పారు.

పావుగంటలో ఒంగోలు నుంచి తిరిగి ఫోను వచ్చింది. చాలా సంతోషమనీ, అయితే అద్దంకి ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన తమ వైపువాడు గనుక, పెళ్ళికొడుకు తరఫు పేర్లను ఎర్రన అక్షరాల్లో వేయించవలసిందనీ వాళ్ళు కోరారు.