ముందు రోడ్లు, తరువాత హక్కులు అనే వాదన నిలవదు

చెన్నైలోని తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. యుద్ధంతో చితికిపోయిన దేశానికి ముందు రోడ్లు, కరెంటు, ఉపాధి కావాలనీ, మానవ హక్కులు, స్త్రీ పురుష సమానత్వం వాటి వెనుక వాటంతట అవే వస్తాయనీ, చర్చల్లోకి మహిళలను తెస్తే శాంతి ఆలస్యమవుతుందనీ, ఇదంతా పాశ్చాత్యుల ఎజెండా అనీ, పాత గాయాలను కెలకకూడదనీ దాని సారాంశం. గుమ్మిడిపూండిలోనూ పుళల్‌లోనూ శ్రీలంక తమిళ కుటుంబాలు దశాబ్దాలుగా శిబిరాల్లో ఉంటున్నాయి. వారికి ఇంత దగ్గరలో ఉన్న మనం ఈ మాటలను ఆలోచించకుండా పది మందికీ పంపడం తగదు.

మొదటి మాటకు శ్రీలంకే సమాధానం. అక్కడ యుద్ధం 2009 మే నెలలో ముగిసింది. ఉత్తరాన రోడ్లు బాగుపడ్డాయి, 2014 అక్టోబరులో యాళ్‌దేవి రైలు మళ్లీ జాఫ్నా చేరింది. వీటిని తక్కువ చేయనక్కరలేదు, రైలు రావడం ఎవరికైనా మేలే. కానీ జాఫ్నా తమిళులకు వర్తించే తేశవళమై ఆచార చట్టం, దానికి తోడైన 1911 నాటి ఆర్డినెన్సు ప్రకారం, పెళ్లయిన స్త్రీ తన పేరునే ఉన్న స్థలాన్ని అమ్మాలన్నా భర్త రాతపూర్వకంగా సమ్మతించాలి. ఆ భర్త యుద్ధంలో కనిపించకుండా పోయి ఉంటే సంతకం ఎవరు పెడతారు? ఆమె జిల్లా కోర్టుకు వెళ్లి, లాయరును పెట్టుకుని, అనుమతి తెచ్చుకోవాలి. పిల్లల చదువు కోసమో, పడిపోయిన ఇంటి గోడల కోసమో డబ్బు కావలసిన మనిషికి అది ఎంత భారమో వేరే చెప్పనక్కరలేదు. ఇంటి ముందు ఎంత మంచి రోడ్డు వేసినా ఈ చిక్కు విడిపోదు, దానికి చట్టమే మారాలి.

మహిళలు వస్తే శాంతి ఆలస్యమవుతుందన్న మాట అయితే వాస్తవానికి తలకిందులు. 2003లో ఘనా రాజధాని అక్రాలో లైబీరియా శాంతి చర్చలు సాగుతూ సాగుతూ ఎటూ తేలకపోతే, లైబీరియా మహిళలే హాలు తలుపులకు అడ్డంగా కూర్చుని, తేల్చేదాకా ఎవరినీ బయటికి పోనివ్వమన్నారు. ఆ ఆగస్టు 18న ఒప్పందం కుదిరింది. మహిళలను లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో దాని పొరుగు దేశం సియెర్రా లియోన్‌లో కనిపించింది. అక్కడి నిరాయుధీకరణ పథకంలో చేరాలంటే ప్రధానంగా తుపాకి అప్పగించాలి. సాయుధ దళాలు ఎత్తుకుపోయి, వంటకూ మోతకూ వాడుకుని, బలవంతంగా భార్యలను చేసుకున్న బాలికల్లో చాలామంది చేతుల్లో అప్పగించడానికి తుపాకి లేదు. దాంతో పునరావాస సాయం కూడా వారికి అందలేదు. ఆ నిబంధన రాసేటప్పుడు అటువంటి ఒక్క బాలిక గురించి తలచుకుని ఉన్నా అది అలా ఉండేది కాదని నా నమ్మకం.

పాశ్చాత్యుల ఎజెండా అన్నదానికి ఎక్కువ మాటలు అక్కరలేదు. శాంతి ప్రక్రియల్లో మహిళల పాత్ర గురించి భద్రతా మండలి 2000 అక్టోబరు 31న ఆమోదించిన 1325వ తీర్మానానికి బాట వేసింది ఆ మార్చిలో మండలికి అధ్యక్షత వహించిన బంగ్లాదేశ్, ఆమోదం నాటి అధ్యక్ష దేశం నమీబియా. 2007లో లైబీరియాకు ఐరాస తరఫున వెళ్లిన తొలి పూర్తి మహిళా పోలీసు దళం మన దేశానిది.

ఇక పాత గాయాల మాట. శ్రీలంకలో ఆచూకీ లేనివారి కుటుంబాలు చాలాకాలం మరణ ధ్రువపత్రం తీసుకోవడానికి ఇష్టపడలేదు. తీసుకుంటే తమవాళ్లు చనిపోయారని తామే ఒప్పుకున్నట్టవుతుందనీ, వెతుకులాట అక్కడితో ఆగిపోతుందనీ వారి భయం. అందుకే 2016లో చట్టం ద్వారా ‘కనిపించడం లేదు’ అని ధ్రువీకరించే పత్రాన్ని ప్రవేశపెట్టవలసి వచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కిళినొచ్చిలో తల్లులు రోడ్డు పక్కన నిరసనకు కూర్చుని, తమ బిడ్డలు ఏమయ్యారో చెప్పమని అడిగారు. గాయం తగిలినవారే నోరు తెరిచి అడుగుతుంటే, దాన్ని కెలకవద్దని వారికి చెప్పే హక్కు ఇక్కడ సందేశాలు పంపుకునేవారికి లేదు.