నవమి అనుకుని పానకం పట్టుకెళ్లాను

2024 మేలో అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్లాం. హైలాండ్ పార్క్ అని చిన్న ఊరు, మన కొట్లన్నీ ఉండే ఎడిసన్‌కి ఆనుకునే ఉంటుంది. వెళ్లిన మొదటి శనివారం పొద్దున్నే కిటికీలోంచి చూస్తే వీధి నిండా మనుషులు, నల్లకోట్లు, టోపీలు, తోపుడు బండ్లలో పిల్లలు, ఒక్కరి చేతిలో ఫోన్ లేదు, ఒక్కరూ కారెక్కలేదు. "ఎవరో పెద్దమనిషి పోయినట్టున్నారు" అన్నాను. మా ఆవిడ కూడా వచ్చి చూసి "పాపం" అంది. అల్లుడు నవ్వాపుకుని, "కాదు మామయ్యగారూ, ఇక్కడ యూదులు ఎక్కువ, ఇవాళ వాళ్ల సబ్బాతు, అంటే శుక్రవారం సాయంత్రం మొదలై వారవారం వచ్చే విశ్రాంతి పండగ, సినగాగ్‌కి, అదే వాళ్ల గుడికి, వెళ్తున్నారు" అన్నాడు. పండగ చూసి చావు అనుకున్నానన్నమాట. ఇది కాస్త గుర్తుపెట్టుకోండి, మూడు నెలల తర్వాత సరిగ్గా దీన్నే తిరగేసి చేశాను.

తెనాల్లో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పినవాణ్ని. అక్కడ పాల ప్యాకెట్‌కి బయల్దేరితే తిరిగొచ్చేసరికి గంట పడుతుంది, అంతమంది పలకరిస్తారు. ఇక్కడ పలకరించడానికి పక్కింటి పెద్దాయన ఒక్కడే దిక్కు. డెబ్భై దాటాయి, మందుల షాపు నడిపి రిటైరయ్యాడు, సాయంత్రాలు టమాటా మొక్కలకి నీళ్లు పోస్తూ కంచె దగ్గర దొరికేవాడు. ఆయనా యూదుడే గానీ నల్లకోటు బాపతు కాదు, వాళ్ల సినగాగ్‌లో ఆడా మగా కలిసే కూర్చుంటారు. నాకు పొద్దు పోవడం లేదని కనిపెట్టి, "వేసవి కదా, శుక్రవారం సాయంత్రం ప్రార్థన ఆరుబయట గడ్డి మీద పెట్టుకుంటాం, రండి" అన్నాడు. ఆయన మాట పూర్తయ్యేలోపే నేను ఇస్త్రీ చొక్కా వెతుక్కుంటున్నాను.

గేటు దగ్గర బుట్టలో గుండ్రటి చిన్న టోపీలున్నాయి, కిప్పా అంటారు, మగవాళ్లు నెత్తిన పెట్టుకోవాలి. అందరూ క్లిప్పుతో జుట్టుకి తగిలించుకున్నారు. నాకు తగిలించడానికి జుట్టేది? నున్నటి నెత్తి మీద అది నూనె రాసిన పెనం మీద అట్టులా జారిపోయేది. గాలొచ్చినప్పుడల్లా ఒక చెయ్యి తల మీద, ఇంకో చేతిలో పుస్తకం. ఆ పుస్తకం కూడా మొదట తప్పు వైపు నుంచి తెరిచాను. హీబ్రూ కుడి నుంచి ఎడమకి కదా, మన ఆఖరి అట్ట వాళ్లకి మొదటి అట్ట. పావుగంట సేపు ఎంతో భక్తిగా చివరి పేజీ చూస్తూ నిలబడ్డాక పక్కనున్నావిడ ఏమీ అనకుండా తిప్పి ఇచ్చింది. ఇంతలో సబ్బాతుని పెళ్లికూతురా రావమ్మా అని పిలిచే పాట ఒకటి అందుకున్నారు, ఆఖరి చరణం దగ్గర జనం మొత్తం ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. పెళ్లి పందిట్లోకి ఎమ్మెల్యే గారు వస్తే ఇలాగే తిరుగుతారు. నేనూ తిరిగి, ఎవరొచ్చారా అని మెడ సాచి చూశాను. ఎవరూ లేరు, ఓ ఉడుత ఉంది. వచ్చింది పెళ్లికూతురేనని, అంటే సబ్బాతు రోజేనని తర్వాత చెప్పారు. జూన్‌లో అక్కడ ఎనిమిదిన్నర దాకా పొద్దు గుంకదు, కాబట్టి ఆవిడ పట్టపగల్లాంటి వెలుతుర్లోనే వచ్చింది, నాకే కనిపించలేదు.

ఆ తర్వాత అందరూ కూర్చుని తినే కార్యక్రమం. నన్ను ఊరికే వెళ్లమంటే వెళ్లే రకాన్ని కాను, చేతిలో ఏదో ఒకటి ఉండాలి. మా ఆవిడ పులిహోర చేస్తానంటే పెద్దాయన వద్దన్నాడు. ఇళ్లల్లో వండినవి వాళ్ల సినగాగ్ వంటగదిలోకి రాకూడదట. మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు, కొన్న ప్యాకెట్ మీద సున్నాలో యూ అక్షరమో, అలాంటి ఇంకో గుర్తో ఉండాలి, ఇవన్నీ కుదరకపోతే కోయని పండ్లు తెచ్చుకోవచ్చు. నేను అరగంట విని ఇంటికొచ్చి ఇదంతా మా ఆవిడకి వివరించబోతే ఆవిడ "మడి" అని ఒక్కముక్కలో తేల్చేసి రెండు డజన్ల అరటిపండ్లు చేతికిచ్చింది.

శుక్రవారాలకి తోడు శనివారాలు కూడా మొదలయ్యాయి. వేసవిలో సబ్బాతు మధ్యాహ్నం ఎంతకీ తెగదు, అందుకని పస్కా పండగ తర్వాత నుంచి వాళ్ల కొత్త సంవత్సరం దాకా వారానికో అధ్యాయం చొప్పున పెద్దల నీతివాక్యాలు చదువుకుంటారు, పిర్కే అవోత్ అంటారు వాటిని. చదవడం అంటే చదవడం కాదు, పోట్లాట. ఒకాయన ఒక అర్థం చెప్తాడు, ఇంకొకావిడ అది తప్పని రుజువు చేస్తుంది, మూడోవాడు ఇద్దరూ తప్పే అంటాడు, ఆఖర్న అందరూ చాలా తృప్తిగా టీ తాగి వెళ్తారు. జవాబు ఏమిటో ఎవరూ బోర్డు మీద రాయరు! లెక్కల మాస్టారికి ఇంతకన్నా నరకం ఏముంటుంది చెప్పండి. అయినా ఒక్క వారం మానలేదు. అక్కడే ఒకాయన నన్ను "మీది గుంటూరు వైపా, అయితే చేబ్రోలు దగ్గర తెలుగు మాట్లాడే యూదులున్నారు, బెనె ఎఫ్రాయిం అంటారు, మీకు తెలిసే ఉంటుంది" అన్నాడు. చేబ్రోలు మా తెనాలికి కూతవేటు దూరం. నాకు తెలీదు. తల ఊపాను.

జూలై మొదటి వారంలో నాలుగో అధ్యాయం వచ్చింది. అందులో ఎవరు ఎదురైనా ముందు నువ్వే పలకరించు అని ఒక మాట ఉంది. జవాబు ఖచ్చితంగా ఉన్న వాక్యం అదొక్కటే అనిపించి, నా డైరీలో రాసుకుని కింద గీత గీశాను.

ఇక్కడిదాకా బానే ఉంది. నన్ను చెడగొట్టింది పంచాంగం.

ఒకరోజు కంచె దగ్గర మాటల్లో తేలింది, వాళ్ల నెలలు కూడా చంద్రుణ్ని బట్టే. అమావాస్య దాటగానే నెల మొదలు, అచ్చం మనలాగే. వాళ్లకీ అధికమాసం ఉంది, 19 ఏళ్లలో 7 సార్లు. మనకీ ఇంచుమించు అదే లెక్క. ఇక నన్ను పట్టుకోవడం ఎవరి తరం? తెనాలి నుంచి తెచ్చుకున్న పంచాంగం పట్టుకెళ్లి కంచె మీద పరిచి, మీ పున్నమి ఇదిగో, మీ అమావాస్య ఇదిగో అని ఆయనకే ఆయన తిథులు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన ఓపిగ్గా వినేవాడు. జూలై ఆఖరుకి మాత్రం మనిషి కాస్త నలిగినట్టు కనిపించాడు, గడ్డం పెరిగింది. తిరుపతి మొక్కులాంటిదేమైనా ఉందా అని అడిగితే, "ఈ మూడు వారాలు మేం గడ్డం చేసుకోం, జుట్టు కత్తిరించుకోం, పెళ్లిళ్లు కూడా పెట్టుకోం" అన్నాడు. "ఓ, మూఢమా! మాకూ ఉంది" అన్నాను. ఎందుకు అని అడగాలి కదా? అడగలేదు. తెలిసినవాణ్ని కదా మరి. ఆగస్టు రాగానే మాంసం మానేశాం అన్నాడు. శ్రావణమాసం కదా, మేమూ అంతే అన్నాను.

ఆ సోమవారం, ఆగస్టు 12, పొద్దున్న ఆయనే అన్నాడు, "ఇవాళ సాయంత్రం నుంచి ఆవ్ నెల తొమ్మిదో రోజు. సినగాగ్‌లో ఉంటుంది. రావచ్చు, కానీ మామూలుగా ఉండదు, అది..." అది ఏమిటో చెప్పనిస్తేగా. తొమ్మిదో రోజు! పంచాంగం తీశాను. తెల్లారితే శ్రావణ శుద్ధ నవమి. మనకి నవమి అంటే మొదట గుర్తొచ్చేది ఏమిటి? రాముడు, పందిరి, పానకం, వడపప్పు. ఎండ మండిపోతోంది. ఇంతమంది ఇన్ని వారాలు నాకు టీలు పోశారు, నేను అరటిపండ్లతోనే నెట్టుకొచ్చాను.

"వంటగదిలోకి రానివ్వరన్నారుగా" అంది మా ఆవిడ. వండితే కదా, బెల్లం నీళ్లలో కలపడం వంటా? కొత్త ప్లాస్టిక్ క్యాను కొని, బెల్లం కరిగించి, గుడ్డలో వడకట్టి, మిరియాలు, శొంఠి, ఏలకులు దంచి కలిపి, ఐసు వేసి, యాభై పేపర్ గ్లాసులతో బయల్దేరబోతే ఏలకులు చాల్లేదని ఆవిడ మళ్లీ ఆపి ఇంకో గుప్పెడు ఒలిచింది. ఆ ఏలకుల దగ్గర ఇరవై నిమిషాలు పోయాయి. ఆ ఇరవై నిమిషాల సంగతి తర్వాత చెప్తాను.

ఎనిమిదీ పావుకి వెళ్లాను. హాల్లో దీపాలు చాలావరకు ఆర్పేసి ఉన్నాయి, అక్కడక్కడా కొవ్వొత్తులు. పవిత్ర గ్రంథపు చుట్టలు దాచే మందసం ముందు ఎప్పుడూ ఉండే తెర తీసేశారు. మన గుళ్లో తెర తీశారంటే ఏమిటర్థం? దర్శనం మొదలైందని. జనం బూట్లు వదిలేసి రబ్బరు చెప్పుల్లో, గుడ్డ బూట్లలో వచ్చారు, నాకింకా ముచ్చటేసి నా తోలు చెప్పులు గుమ్మం దగ్గరే విప్పేసి లోపలికి నడిచాను (ఆ రాత్రి నేను చేసిన ఒకే ఒక్క సరైన పని అదేనని తర్వాత తెలిసింది). అన్నిటికంటే ముఖ్యం, అందరూ నేల మీద బాసింపట్టు వేసుకుని వరసగా కూర్చున్నారు. నేల మీద! వరసగా! అమెరికాలో అడుగుపెట్టి మూడు నెలలైంది, ఇదే మొదటిసారి పంక్తి భోజనాలు చూడటం అనుకున్నాను.

డైరీలో గీత గీసుకున్న వాక్యం గుర్తొచ్చింది. మొదటి వరస నుంచి మొదలుపెట్టి, వంగి, ఒక్కొక్కరినీ పేరుపేరునా "గుడ్ ఈవెనింగ్! హ్యాపీ హాలిడే!" అని పలకరించాను. ఎవరూ తలెత్తలేదు. ఇద్దరు ముగ్గురు గొంతు బాగా తగ్గించి ఏదో గొణిగారు. రోజూ నాతో వాదించే ఆవిడ కూడా నేలకేసి చూస్తోంది. నేనేం తప్పు చేశానా అని లోపల పీకింది గానీ, పంక్తిలో వడ్డించేవాడు మనసులో ఏమున్నా చెయ్యి ఆపకూడదు. క్యాను మూత తీసి గ్లాసులు పంచడం మొదలుపెట్టాను.

మూత తీశాక ఆ వాసన చూడాలి. ఇరవై నిమిషాలు ఒలిచిన ఏలకులు. చల్లటి బెల్లం వాసనతో కలిసి కొవ్వొత్తుల మధ్యలోంచి హాలు చివరిదాకా పోయింది. ఎనభై ఏళ్లావిడ ఒకరు మర్యాదకి గ్లాసు అందుకుని, రెండు చేతుల మధ్య పెట్టుకుని, దానికేసి చూస్తూ ఉండిపోయింది. తాగదు, కింద పెట్టదు. బాగోలేదేమోనని "మిరియాలు ఎక్కువయ్యాయాండీ?" అని కూడా అడిగాను. వెనకాల ఓ ఆరేళ్ల కుర్రాడు మాత్రం గడగడా తాగేసి, హాలంతా వినబడేలా "ఇంకొకటి!" అన్నాడు. సరిగ్గా అప్పుడే ముందు వరసలో ఒకాయన ఏడుపులాంటి రాగంతో చదవడం మొదలుపెట్టాడు, పక్కింటి పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని, క్యానుతో సహా, వరండాలోకి నడిపించాడు.

ఆయన చెప్పింది ఇది. ఆ రోజు వాళ్ల సంవత్సరంలోకెల్లా దుఃఖదినం. యెరూషలేములో వాళ్ల గుడిని క్రీ.పూ. 586లో బాబిలోను వాళ్లు, కట్టుకున్న రెండోదాన్ని క్రీ.శ. 70లో రోమన్లు కూల్చేశారు, రెంటికీ కలిపి ఆ రోజున ఏడుస్తారు. నేల మీద కూర్చున్నది మైలవాళ్లలా. చదువుతున్నది విలాపవాక్యాలు. ఆ రోజు ఒకరినొకరు పలకరించుకోకూడదు, తెలియక ఎవరైనా పలకరిస్తే గొంతు తగ్గించి బదులివ్వాలి. తోరా, అంటే వాళ్ల ధర్మశాస్త్రం, కూడా చదవకూడదు, ఎందుకంటే చదువు మనసుకి సంతోషాన్నిస్తుందట, కాబట్టి యోబు లాంటి బాధ కలిగించే గ్రంథాలే చదవాలి. (చదువు సంతోషం అని నిషేధించారు! నా ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఈ కారణంతో లెక్కల క్లాసు ఎగ్గొట్టినవాణ్ని ఒక్కణ్ని చూడలేదు.) ఇక ఉపవాసం. సూర్యాస్తమయం నుంచి మర్నాడు చీకటిపడేదాకా, సుమారు 25 గంటలు, అన్నం లేదు, మంచినీళ్లు కూడా లేవు. ఆ కుర్రాడిలాంటి చిన్నపిల్లలకి మాత్రం పట్టింపు లేదు.

"సూర్యాస్తమయం ఎప్పుడైంది?" అన్నాను.

"ఏడూ యాభై ఏడుకి" అన్నాడు. క్యాను వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. "మీరు ఇంకో ఇరవై నిమిషాలు ముందొచ్చి ఉంటే, నేనొక్కణ్నే మొత్తం తాగేసేవాణ్ని."

ఇంటికొచ్చి మా ఆవిడతో ఏలకుల సంగతి ఎత్తితే, "నవమి అన్నది ఎవరు?" అంది. నోరు మూసుకున్నాను. మర్నాడంతా నేను టమాటా మొక్కల వైపు పోలేదు. రాత్రి ఎనిమిదిన్నర దాటాక తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే పెద్దాయన, గడ్డం అలాగే ఉంది, కళ్లు లోతుకుపోయాయి. క్షమాపణ చెప్పబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి "ఉందా?" అన్నాడు. అల్లుడు సగం లాగించేశాడు గానీ ఇంకా ఉంది. చల్లటిది, గాజు గ్లాసులో అయితే తనకి పర్లేదన్నాడు. మొదటి గ్లాసుకి మిరియం గొంతులో తగిలి దగ్గు, రెండో గ్లాసుకి కళ్లలో నీళ్లు, మూడో గ్లాసుకి కుర్చీలో వెనక్కి వాలాడు. వాళ్లావిడకని మిగిలింది స్టీలు డబ్బాలో పోసిచ్చాం.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆ శుక్రవారం, 16వ తారీఖు, వరలక్ష్మీ వ్రతం. మా ఆవిడ తెల్లవారుజామున తలంటుకుని, పచ్చి మంచినీళ్లు ముట్టకుండా, కలశం పెట్టి, పూర్ణాలు వేయించి, పూజలో కూర్చుంది. తొమ్మిదింటికి బెల్లు మోగింది. పక్కింటావిడ. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా అమ్మాయి ఎప్పుడో చెప్పిందట, అందుకని మా స్టీలు డబ్బాలో వాళ్ల సబ్బాతు రొట్టె, జడలా అల్లింది, పొయ్యిలోంచి అప్పుడే తీసింది, పెట్టి తెచ్చింది. పైన నిగనిగలాడుతోంది. అది గుడ్డు సొన రాసిన నిగారింపని, లోపల పిండిలో కూడా గుడ్లున్నాయని ఆవిడే మురిపెంగా చెప్తూ, డబ్బా తిన్నగా తీసుకెళ్లి మా ఆవిడ చేతిలో పెట్టి, "వేడి మీదే తినాలి, ఒక్క ముక్క, ఇప్పుడే" అంది.

మా ఆవిడ కలశం వైపు చూసింది. డబ్బా వైపు చూసింది. రెండు చేతుల మధ్య పట్టుకుని, తినకుండా, కింద పెట్టకుండా, గొంతు బాగా తగ్గించి "థాంక్యూ" అంది. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, అంతకంటే చిన్న గొంతుతో, "ఆవిడకి తాంబూలం ఇవ్వాలి, అరటిపండ్లు కోయనివే పెట్టండి" అంది.