టార్గెట్‌కి ఘాట్ రోడ్డు తెలీదు

ఒడిశాలో మా రాయగడలో ఏ డిస్ట్రిబ్యూటర్‌ని కదిపినా ఒకటే గోల, సేల్స్‌లో కుర్రాళ్లు నిలబడట్లేదని. ఫిక్స్‌డ్ జీతం తగ్గించి ఇన్సెంటివ్ పెంచితే కష్టపడేవాడు ఉంటాడు, పనికిరానివాడు పోతాడని వాళ్ల లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పని నేననను. అమెరికాలో కార్ల అద్దాలు బిగించే సేఫ్‌లైట్ కంపెనీ 1990ల మధ్యలో గంటల జీతం తీసేసి అద్దానికి ఇంత అని ఇస్తే, మనిషికి పని 44 శాతం పెరిగిందని ఆర్థికవేత్త ఎడ్వర్డ్ లాజియర్ 2000లో చూపించాడు. అందులో దాదాపు సగమే ఉన్నవాళ్లు ఎక్కువ పనిచేయడం వల్ల. మిగతాదాంట్లో చాలావరకు చురుకైనవాళ్లు వచ్చి చేరడం, వదిలి వెళ్లకపోవడం. కానీ అక్కడ పాత జీతానికి దగ్గరగా ఒక హామీ ఉంచారు, అద్దం బిగించడం కూడా మనిషి చేతిలో పని. మనవాళ్లు హామీని వదిలేసి మిగతాది తెచ్చుకున్నారు.

నేను రెండేళ్లు లైన్ సేల్స్ చేశాను, అంటే ఒక రూట్‌లో షాపు షాపుకీ తిరిగి సరుకు అమ్మడం. టౌన్ రూట్ ఇంకొకతనిది, కాశీపూర్ ఘాట్ నాది, టార్గెట్ మాత్రం ఇద్దరికీ ఒకటే, వానాకాలమైనా సరే. 80 శాతం దాటితేనే ఇన్సెంటివ్, 79 దగ్గర ఆగితే సున్నా. ఒక నెల 30న సాయంత్రానికి 76 దగ్గరున్నాను. తెలిసిన షాపాయన దగ్గరికెళ్లి, "బాబాయ్, నాలుగు సబ్బుల పెట్టెలు దించేస్తాను, పోకపోతే వచ్చేవారం నేనే తీసుకుపోతా" అన్నాను. పాపం, దించుకున్నాడు. ఇన్సెంటివ్ పడింది. మర్నెల మూడు పెట్టెలు వెనక్కొచ్చి నా లెక్క మైనస్‌లో మొదలైంది, దాన్ని పూడ్చడానికి ఇంకో షాపు, ఇంకో బాబాయ్. మూడో నెలకి మానేశాను. పనికిరానివాడు పోయాడనే అనుకుని ఉంటారు.

బైక్ షోరూముల్లోనూ ఇదే. మన తెలుగిళ్లలో ఆషాఢంలో బండి కొనరు, భువనేశ్వర్‌లో కూర్చుని టార్గెట్ వేసేవాళ్లకి అది పట్టదు. పోనీ బాగా అమ్మేవాడైనా ఉంటాడా? దీపావళి ఇన్సెంటివ్ అకౌంట్లో పడేదాకా ఉండి, షాపుల నంబర్లన్నీ పట్టుకుని విజయనగరం వెళ్లిపోతాడు. ఇన్సెంటివ్‌ని మూడు నెలలు ఆపినా ఆ వెళ్లే తారీఖు మారుతుందంతే.

రూట్‌ని పక్క రూట్‌తో కాదు, పోయినేడు అదే నెలలో అదే రూట్‌తో పోల్చండి. గది అద్దెకీ పెట్రోలుకీ సరిపోయే ఫిక్స్‌డ్ ఇవ్వండి, 80 గీత చెరిపేసి మొదటి పెట్టె నుంచే కమీషన్ కట్టండి.

నా తర్వాత ఘాట్ రూట్‌లో ముగ్గురు మారారు. ఇప్పుడున్న కుర్రాడు మొన్న ఫోన్ చేసి, నెలాఖరున పెట్టెలు దించుకునే షాపాయన ఎవరు, అన్నా అని అడిగాడు.