సవరణ: సడలించిన రూల్ ఎప్పటి నుంచి అమలవుతుంది?

ప్యాకెట్ల మీద లేబుళ్ల గురించి మొన్న పెట్టిన పోస్టులో, "కేంద్రం రూల్ సడలించినా, పార్లమెంటు ముందు 30 రోజులు ఉన్నాకే అమల్లోకి వస్తుంది" అని రాశాను. అది తప్పు. చట్టం తెరిచి చూడకుండా రాశాను.

వరంగల్ బీట్ బజార్‌లో హోల్‌సేల్ కిరాణా నడిపే మా బావ పోస్టు చూసి, "గట్లయితే గెజిట్ల తేదీ ఎందుకేస్తరు?" అని ఫోన్ చేశాడు. అప్పుడు ఈ లేబుళ్ల రూల్స్‌కు ఆధారమైన 2009 నాటి తూనికలు, కొలతల చట్టం తీశాను.

కేంద్రం చేసిన రూల్ గెజిట్‌లో చెప్పిన తేదీ నుంచే అమలవుతుంది. తర్వాత దాన్ని రెండు సభల ముందూ పెడతారు. ఆ 30 రోజులు సభ సమావేశాల్లో ఉన్న కాలంలోవి, ఒకే విడతలో పూర్తికాకపోవచ్చు కూడా. మార్చాలన్నా, రద్దు చేయాలన్నా రెండు సభలూ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా, అప్పటిదాకా ఆ రూల్ కింద జరిగినవి చెల్లుతాయి. అంటే అప్పటికే ఆ రూల్ ప్రకారం ప్యాక్ అయిన సరుకు గురించి బావకు టెన్షన్ అక్కర్లేదు.

రూల్ చట్టం హద్దు దాటిందా లేదా అని చూసే సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీలు రెండు సభలకూ ఉన్నాయి. వాటి పని పరిశీలించి నివేదిక ఇవ్వడం. రూల్‌ను ఆపే అధికారం వాటికి లేదు.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.