పీకేయండి సార్!

మా అమ్మకు యాభై ఎనిమిదేళ్లు. నోట్లో మిగిలినవి పదిహేడు పళ్లు. వాటిలో నమలడానికి పనికొచ్చేవి ఎడమవైపు మూడే. మొన్న సంక్రాంతికి అరిసెను పాలలో నానబెట్టుకుని తింటుంటే, "చేగోడీలు తినవా అమ్మా?" అని అడిగాను. "పళ్లున్నవాళ్లకు పెట్టరా" అని నవ్వేసింది.

మొదటి దవడపన్ను పోయింది నా ఇంటర్ రోజుల్లో. వారం పాటు లవంగం నొక్కిపెట్టుకుంది. మందుల షాపువాడిచ్చిన మాత్రలు మింగింది. బుగ్గ వాచి నోరు తెరవలేని స్థితి వచ్చాక టౌనులో పళ్ల డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాం. ఆయన మర్యాదగానే చెప్పారు. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేస్తే పన్ను నిలుస్తుంది, నాలుగుసార్లు రావాలి, ఐదు వేలవుతుంది. పీకితే రెండు వందలు, ఇప్పుడే అయిపోతుంది. మిరపకాయల కోతకు అప్పుడు రోజుకు నూట యాభై రూపాయలు. అమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. "పీకేయండి సార్!"

ఆ తర్వాత ఆ మాట ఎన్నిసార్లు అందో ఆమె నోరే చెబుతుంది.

దీన్ని మనవాళ్లు 'అవగాహన లోపం' అంటారు. వింటే ఒళ్లు మండుతుంది. ఏటా మార్చి 20న ప్రపంచ నోటి ఆరోగ్య దినోత్సవమంటూ బడిపిల్లలకు తలా ఒక బ్రష్షు పంచి, ఫొటో దిగి వెళ్లిపోతారు. మా అమ్మకు లేనిది అవగాహన కాదు. ఆమెకు లెక్క బాగా వచ్చు. ముప్పై మూడు రోజుల కూలి, పైన నాలుగు రోజుల పని పోవడం, బస్సు ఛార్జీలు, ఇదంతా ఒక్క పన్నుకు! ఆమె స్థానంలో ఏ చార్టర్డ్ అకౌంటెంటును కూర్చోబెట్టినా పీకించుకోమనే చెబుతాడు.

పథకాలు లేవా అంటారు. 2007లో ఆరోగ్యశ్రీ, 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాయి. పెద్ద ఆపరేషన్ల విషయంలో అవి ఎన్ని కుటుంబాలను అప్పుల నుంచి కాపాడాయో నాకు తెలుసు, కాదనను. కానీ వాటి చూపు ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగి మీదే. కుర్చీలో అరగంట కూర్చుని లేచివచ్చే వైద్యం వాటికి ఆనదు. ప్రైవేటు బీమా కూడా అంతే, ప్రమాదంలో మూతి పగిలితే తప్ప సాధారణంగా పళ్ల జోలికి రాదు. అంటే పుప్పి నోటిలో ఉన్నంతకాలం అది మీ సొంత వ్యవహారం!

పోనీ డాక్టర్లు లేరా? దేశంలో మూడు వందలకు పైగా డెంటల్ కాలేజీలున్నాయి. మా పిన్ని కొడుకు బీడీఎస్ చదివి, హైదరాబాద్‌లో ఆసుపత్రి బిల్లులకు కోడ్‌లు వేసే మెడికల్ కోడింగ్ కంపెనీలో రాత్రి షిఫ్టు చేస్తున్నాడు. సొంత క్లినిక్ అంటే కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే, అద్దె, అన్నీ కలిపి లక్షల్లో మాట. ప్రభుత్వ పోస్టు ఎప్పుడో గానీ పడదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పళ్ల డాక్టరుకు సాధారణంగా కుర్చీయే ఉండదు. మా ఊళ్లో పళ్ల డాక్టర్ లేడు, మా తమ్ముడికి పేషెంట్లు లేరు. ఈ ఇద్దరినీ కలపడం ఎవరి పనో ఎవరూ చెప్పరు.

అన్నిటికీ పెద్ద యంత్రాలు కూడా అక్కర్లేదు. పుప్పి మీద పూస్తే అది ముదరకుండా చాలావరకు ఆపే సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్ అనే ద్రవం ఉంది. డ్రిల్లు అక్కర్లేదు, మత్తు సూది అక్కర్లేదు. పూసినచోట నల్లబడుతుంది, అదే పెద్ద ఇబ్బంది. గ్లాస్ అయనోమర్ సిమెంటుతో కరెంటు లేకుండా, చేతి పనిముట్లతోనే పన్ను నింపవచ్చు. ఈ రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. న్యూజిలాండ్ అయితే 1921లోనే డెంటల్ నర్సులకు శిక్షణ మొదలుపెట్టి, వాళ్లచేత బడుల్లో పిల్లల పళ్లు బాగుచేయించింది. వందేళ్ల తర్వాత మనం బ్రష్షులు పంచుతున్నాం.

పోయిన వారం ఊరెళితే మా అన్నయ్య కూతురు బుగ్గ పట్టుకుని కూర్చుంది. తొమ్మిదేళ్లు. "పాలపన్నేలే, ఊడిపోతుంది" అంది వదిన. ఫోన్ లైటు వేసి చూశాను. కింద, అన్నిటికంటే చివర, మధ్యలో నల్లటి గుంట. అది పాలపన్ను కాదు. ఆరేళ్లప్పుడు, ఏ పన్నూ ఊడకుండానే, వెనకాల నిశ్శబ్దంగా వచ్చే మొదటి శాశ్వత దవడపన్ను. ఏ పన్నూ ఊడదు కాబట్టే చాలా ఇళ్లలో దాన్ని పాలపన్నే అనుకుంటారు. పోతే మళ్లీ రాదు.

శనివారం సెలవు పెట్టి టౌనుకు తీసుకెళతానని చెప్పాను. అమ్మ చేట పక్కన పెట్టి నావైపు చూసింది.

"దానికోసం అంత దూరం ఎందుకురా? పీకించేస్తే పోతుంది కదా."