తీర్మానానికి ముందే అడగాలి

కొత్తగా వేసిన సిమెంటు రోడ్డును ఆర్నెల్లు తిరక్కుండానే తవ్వి పైపులు వేయడం చూడనివాళ్లు ఉండరు. తవ్వకం మొదలైన రోజు ఆ వీధిలో ఎవరిని కదిలించినా ఒకటే మాట: ఇక్కడ పైపు కారుతోందని ముందే చెప్పేవాళ్లం, మమ్మల్ని అడిగిందెవరు? రోడ్డు ఎంత మందం పోయాలో ఇంజినీరుకు తెలుసు. వాన పడితే నీళ్లు ఏ గుమ్మంలోకి వస్తాయో రోజూ అక్కడ నడిచేవాళ్లకు తెలుసు. ఈ ఇద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోకముందే అంచనాలు తయారవుతున్నాయి, ఆమోదం పడుతోంది, బిల్లు కూడా అయిపోతోంది. ఒకే వీధికి ప్రజల డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంటే దాన్ని మామూలు విషయంగా మేం చూడలేం.

పారదర్శకత గురించి అడిగితే స్థానిక సంస్థలు చూపించేవి రెండు. పని పూర్తయ్యాక పెట్టిన బోర్డు, ఏడాది చివర్లో ప్రకటించిన జమాఖర్చులు. రెండూ కావలసినవే. కానీ రెండూ అయిపోయిన ఖర్చు గురించి చెప్పేవే. ఏ పని ముందు చేపట్టాలి, దేన్ని వాయిదా వేయాలి అన్నది తేలుతున్నప్పుడు పౌరుడు అక్కడ లేకపోతే ఆ తర్వాత ఎన్ని బోర్డులు పెట్టినా అతనికి దక్కేది సమాచారమే.

ఆ తేల్చే ఘట్టం ఎలా సాగుతుందో మున్సిపల్ కౌన్సిల్ సమావేశంలో కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. ఎజెండాలో అంశాలు పదుల సంఖ్యలో ఉంటాయి. అధికారి అంశం నంబరు, పని పేరు, మొత్తం గబగబా చదువుతారు. ఎవరో 'ఆమోదం' అంటారు. పేజీ తిరిగిపోతుంది. ఇంతకంటే ఆందోళన కలిగించేది టేబుల్ ఎజెండా. సభ్యులకు ముందుగా పంపకుండా సమావేశం రోజునే బల్ల మీద పెట్టే అంశాలివి. వరదకు కల్వర్టు కొట్టుకుపోతే దాని మరమ్మతుకు వచ్చే నెల దాకా ఆగమని ఎవరూ అనరు; ఈ వెసులుబాటు ఉన్నది అలాంటి వాటి కోసమే. ఫర్నిచర్ కొనుగోలు, కాంట్రాక్టు గడువు పొడిగింపు లాంటివి కూడా అదే దారిన వస్తే ఎన్నికైన సభ్యులకే చదివే వ్యవధి ఉండదు. ఇక బయట ఉన్న పౌరుడికి తెలిసేదెప్పుడు? ఒక పెద్ద పనిని ముక్కలు చేసి టెండరు అక్కర్లేని పరిమితిలోకి తేవడం, తక్కువ మొత్తానికి మంజూరు చేయించి సవరించిన అంచనాల పేరుతో పెంచుకుంటూ పోవడం కూడా కాగితం బయటికి రాని చోటే సాగుతాయి.

కాగితం బయటికి వస్తే ఏమవుతుందో ఉగాండాలో కనిపించింది. 1991-95 మధ్య అక్కడి ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలలకు ఇచ్చిన గ్రాంటులో బడి దాకా చేరింది సగటున 13 శాతమేనని సర్వేలో తేలింది. మిగతాది మధ్యలో జిల్లా స్థాయిలోనే ఆగిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందీ పత్రికల్లో వేయించడం, వచ్చిన మొత్తాన్ని బడిలోనే నోటీసు పెట్టించడం మొదలుపెట్టింది. 2001 నాటికి బడికి చేరే వాటా 80 శాతానికి వచ్చింది. అదే కాలంలో వచ్చిన ఇతర సంస్కరణలూ ఇందుకు తోడ్పడ్డాయని తర్వాత పరిశోధకులు చెప్పారు, అది సబబైన మాటే. అయినా తన బడికి ఎంత రావాలో తెలియని హెడ్మాస్టర్ ఎవరిని, ఏమని నిలదీయగలరు?

లెక్కను ఎలా చూపించాలో రాజస్థాన్ పల్లెలు నేర్పాయి. 1994 డిసెంబరులో పాలి జిల్లా కోట్‌కిరానాలో కూలీలు, రైతుల సంఘమైన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదటి జన సున్వాయి, అంటే బహిరంగ విచారణ జరిపింది. బిల్లులు, మస్టర్ రోళ్లు (కూలీల హాజరు, కూలి పట్టీలు) అందరి ముందూ పైకి చదివారు. చదువురానివాళ్లకు కూడా తమ పేరు, పని చేసిన రోజులు, తీసుకున్నట్టు రాసిన కూలి వినిపించగానే లెక్క అర్థమైపోయింది. 'హమారా పైసా, హమారా హిసాబ్' (మా డబ్బు, మా లెక్క) అన్న ఆ నినాదం వెంట నడిచిన ఉద్యమాలే 2005 నాటి సమాచార హక్కు చట్టానికి బాట వేశాయి. వందల పేజీల ఫైలును స్కాన్ చేసి ఎక్కడో పెట్టేస్తే ఈ పని జరగదు. ఏ వీధిలో, ఎన్ని మీటర్లు, ఎంతకు, ఎవరికి ఇచ్చారు, ఎప్పటికి పూర్తవ్వాలి: ఈ ఐదూ మామూలు మాటల్లో ఒక్క కాగితం మీద ఉండాలి.

ముందే అడిగే పద్ధతికి బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రే నగరం పేరు పడింది. 1989లో అక్కడ పెట్టుబడి పనుల ఎంపికను పేటల వారీ సభలకు తెచ్చారు. జనం ముందుగా అడిగినవాటిలో తాగునీరు, మురుగు కాలువలు, రోడ్లు ఉన్నాయి. 1988లో 75 శాతం ఇళ్లకు ఉన్న నీటి, మురుగునీటి సదుపాయం 1997కి 98 శాతానికి చేరింది. ఆ తర్వాతి కథ కూడా చెప్పుకోవాలి. పాలకులు మారి, ఆసక్తి తగ్గింది. సభల్లో ఎంచుకున్న పనులు పెండింగులో పడ్డాయి. చివరికి 2017లో ఆ ప్రక్రియనే ఆపేశారు. అడిగి, విని, పక్కన పెట్టేస్తే జనం రెండోసారి రారు.

సభలు పెడితే ఎవరూ రావడం లేదని అధికారులు అంటుంటారు. పనిదినాన పదకొండు గంటలకు పెడితే కూలీలు, ఉద్యోగులు, ఇంటిపనిలో ఉన్న ఆడవాళ్లు ఎలా వస్తారు? వచ్చినవాళ్లలో గొంతు పెద్దదైనవాళ్ల మాటే చెల్లుబాటవుతుందన్న భయంలో నిజం ఉంది. దానికి విరుగుడు సభ రద్దు చేయడం కాదు. సాయంత్రాలు పెట్టాలి, బస్తీలోనే పెట్టాలి, రాలేనివాళ్ల ఇంటికి వెళ్లి అడగాలి. జాప్యం అవుతుందన్న వాదన మాకు బలంగా కనిపించడం లేదు. రోడ్డు వేసి, తవ్వి, మళ్లీ వేసే కాలంలో ఇలాంటి సభలు ఎన్నైనా పెట్టవచ్చు.

మేం కోరుతున్నవి పెద్ద కోరికలు కావు. ఎజెండాను, అంచనాలను సమావేశానికి కనీసం వారం ముందు బయటపెట్టాలి. టేబుల్ ఎజెండాగా ఏ అంశం వచ్చినా ఎందుకంత తొందరో రాతపూర్వకంగా చెప్పాలి. పౌరులు చెప్పిన ప్రతి సూచన కిందా తీసుకున్నారో లేదో, లేకపోతే ఎందుకో ఒక వాక్యం రాయాలి. ఇందులో పత్రికల బాధ్యతా ఉంది. తీర్మానాల వార్త మర్నాడు వేసి ఊరుకోవడం మాకూ అలవాటైపోయింది. ఎజెండా ముందుగా చేతికిస్తే, సమావేశానికి ముందే దాన్ని అందరికీ అర్థమయ్యేలా ప్రచురించడానికి ఈ పత్రిక చోటిస్తుంది.